నాలుగు అరలకు నాలుగు బొట్లు

ముందే ఒప్పుకుంటాను. ఆ సర్వర్‌ను ఎంచుకునేటప్పుడు నేనడిగిన ప్రశ్నలన్నీ పెళ్లిచూపులకు వెళ్లిన పిల్లవాడి మేనమామ అడిగే రకం. ఎత్తెంత, రంగేమిటి, నలుగురి ముందు ఎలా కనిపిస్తుంది? దాంట్లో ఎన్ని ఫోటోలు పడతాయని అడిగాను గాని, అది పడిపోతే ఫోటోలు ఏమవుతాయని అడగలేదు. పోయింది నాదే అయివుంటే ఇదంతా రాసేవాణ్ని కాదు. పోయింది మా నాన్నది.

నేను పుట్టకముందే మా నాన్న పుంగనూరులో ఫోటో స్టూడియో పెట్టాడు. తొంభైలలో నేను చేతికొచ్చాక కొట్టు మదనపల్లెకు మారింది గాని, ఆయన తీసిన నెగెటివ్‌లు పుంగనూరు ఇంటి ముందుగదిలోనే ఉండిపోయాయి. రేకు బిస్కెట్ డబ్బాల్లో వరసగా కవర్లు, కవరు మీద నీలం సిరాతో నంబరు, ఊరి పేరు. వెంకటగిరికోట నుంచో గుడుపల్లె నుంచో ఎవరో ఒకరు ఆ ఇంటికి వచ్చేవారు. “అప్పా, మా నాయన్ది ఒగ ఫోటో తీసినావంట గదా, పెద్దది చేసియ్యాల” అనేవారు. నాన్న పుస్తకం తిరగేసేవాడు కాదు. లోపలికి పోయి, వాళ్లు టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు నెగెటివ్‌తో బయటికొచ్చేవాడు. మా వృత్తిలో సగం అన్నం చావు ఇళ్లది. బతికుండగా ఒక్కసారి కెమెరా ముందు కూర్చున్న మనిషి, పోయాక పెద్ద బొమ్మై గోడెక్కుతాడు. అంచులు తెల్లటి మంచులో కలిసిపోయేటట్టు, మొహం మీద మాత్రం వెలుతురు నిలిచేటట్టు చేయడంలో నాన్న బ్రష్షుకు సాటి లేదు.

రెండువేలు దాటాక ఆ గది తలుపు తీస్తే ఊరగాయ జాడీ మూత తీసినట్టు పుల్లటి వాసన రావడం మొదలైంది. ఫిల్ములు మెలి తిరుగుతున్నాయి. అన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని నేనే అన్నాను. స్కానర్ తెచ్చాను. రెండు వేసవులు తండ్రీకొడుకులం పక్కపక్కన కూర్చున్నాం. ఆయన మెత్తటి బ్రష్షుతో దుమ్ము తుడిచి అందించేవాడు, నేను స్కానర్‌లో పెట్టేవాణ్ని. “ఈయప్ప రామకుప్పం. ఏనుగులు రాగిచేను తొక్కేసిన మర్నాడే వచ్చినాడు, నవ్వమంటే నవ్వనే లేదు” అని చెప్పేవాడు. “ఈయమ్మ ముక్కుపుడక అరువుది, వదినది.” అంతకుముందు గాని ఆ తరువాత గాని మేమిద్దరం అన్ని మాటలు మాట్లాడుకోలేదు.

తుడవడం అయింది, దాచడం మిగిలింది. కంప్యూటర్ నిండిపోయింది. సీడీలు చూస్తే, మొన్న రాసినవి నేడు తెరుచుకోవడం లేదు. అప్పుడు కుప్పంలో కంప్యూటర్ షాపు నడిపే మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, రంగంలోకి దిగాడు. మాట మొదలుపెడితే కుప్పం స్టేషన్‌లో ఆగని రైలులాంటి మనిషి. “నీకు కావాల్సింది సర్వర్ బావా” అన్నాడు ఫోన్‌లో. సర్వర్ అంటే అప్పటిదాకా నాకు హోటల్లో ఇడ్లీ తెచ్చేవాడే తెలుసు. సరే, వడ్డించేవాడు ఎవడైతేనేమని కుప్పం వెళ్లాను.

అతని షాపులో బల్ల మీద రెండు పెట్టెలు పెట్టాడు. ఒకటి నిలువుగా, చిన్నగా, మరచెంబులా ఉంది. రెండే డిస్కులు, ఒకదాంట్లో ఏది రాస్తే రెండోదాంట్లోనూ అదే రాసుకుంటుంది. రెండోది బెంగళూరులో ఏదో ఆఫీసు ఖాళీ చేస్తే వచ్చిందట. మూడు వేళ్ల ఎత్తు, మూరెడు పొడుగు, నల్లటి ఇనుము. ముందువైపు నాలుగు అరలు, ఒక్కో అరకు పిడి, పిడి పక్కన ఆకుపచ్చ దీపం. పిడి పట్టి లాగితే డిస్కు పోపులపెట్టెలో గిన్నెలా చేతికొస్తుంది. రాక్‌లో బిగించుకునే రకం.

“ఇది బ్యాంకుల్లో ఉండే జాతి బావా” అన్నాడు.

ఆ మాటతో చిన్న పెట్టె నా కంటికి ఆనడం మానేసింది. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఆ నాలుగు ఆకుపచ్చ దీపాలూ చూపిస్తున్నట్టు అక్కడే కల కన్నాను.

“నాలుగు డిస్కులు గదా, అంటే నాలుగు కాపీలుంటాయా?” అన్నాను.

“భద్రం బావా, భద్రం. ఇంగ నీకు దిగులే లేదు.”

అడిగినదానికి అది జవాబు కాదని నాకు తట్టలేదు. మదనపల్లెకు వచ్చి బిగించేటప్పుడు మాత్రం అతను ఒక మాట అన్నాడు. “ఒగ డిస్కంత చోటు కాపలాకు ఇడిస్తే, ఏదన్నా చెడిపోయినా తక్కిన మూడూ కాసుకుంటాయి బావా. ఏమంటావు?”

“నాలుగు గరిసెలుంటే మూడింట్లోనే వడ్లు పోసుకుంటామా?” అన్నాను, తెలివైన మాట అన్నాననుకుని.

“అదీ నిజమే లే” అని నవ్వి, నాలుగింటినీ కలిపి ఒకే పెద్ద చోటుగా చేసేశాడు. అంటే ప్రతి ఫోటో నాలుగు ముక్కలై నాలుగు అరల్లోకి వెళుతుంది. ఒక అర తప్పినా, వరస తప్పినా ఏ ఫోటో తెరుచుకోదు. నాకు తెలియకపోవడం నా తప్పే. తెలిసినవాడు నవ్వి ఊరుకోవడం ఎవరి తప్పో ఇన్నేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను.

దానికి వడ్రంగి చేత టేకు రాక్ చేయించాను. స్విచ్చి వేస్తే లోపలి చిన్న చిన్న ఫ్యాన్లు లేచి గోల పెట్టేవి. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవాళ్లు మెడ తిప్పి, “యెనక పిండిమర పెట్టినారా అన్నా?” అనేవారు. ఫోటోలో ఒక్కరి మెడా నిటారుగా వచ్చేది కాదు. నేను మాత్రం మురిసిపోయాను. వీధి చివరికి కూడా వినపడేంత గొప్ప నాకు అదే మొదలు.

స్కాన్ చేసినవన్నీ అందులోకి ఎక్కాయి. కంప్యూటర్‌లో మిగిలినవి చెరిపేశాను. ఒకే సరుకు రెండుచోట్ల ఉండటం నాకు చిందరవందరగా కనిపించింది.

ఆ తరువాత బావమరిది మరో సలహా ఇచ్చాడు. “ఇంగా ఆ కుళ్లిన ఫిలుములు యాల బావా? వాటిని ఉడకబెట్టి వెండి తీసేవాళ్లుండారు. గది ఖాళీ అయితే బాడుగకన్నా ఇయ్యొచ్చు.”

నాన్న వినగానే అన్నాడు: “ఉండనీరా. గదేమన్నా నీ నెత్తిన ఉండాదా?”

“అన్నీ పెట్టెలో భద్రంగా ఉండాయి గదా నాయనా.”

“పెట్టెలో ఉండేటివి నా కంటికి కనపడవు. ఇవి ఎండకు పట్టుకుంటే కనపడతాయి.”

జవాబు లేకపోయినా వాదించి నెగ్గగలగడం చదువుకున్న కొడుకుల ప్రత్యేకత. నెగ్గాను. వెండివాడు ఆటోలో వచ్చి కవర్లన్నీ గోతాల్లో కుక్కుకుపోయాడు. ఖాళీ డబ్బాలు వద్దన్నాడు. అవి ఇప్పటికీ మా వంటింట్లో ఉన్నాయి, మూతల మీద నాన్న రాసిన నంబర్లతో. పన్నెండు వందల నంబరు నుంచి పదిహేను వందల దాకా ఉన్నవాళ్ల ఇంట్లో ఇప్పుడు రాగిపిండి కాపురం ఉంటోంది.

ఆ ఏడు ఆయుధ పూజ వచ్చింది. మా ఇంట్లో ఆ పూజ అందరిలా బండికి నిమ్మకాయ తొక్కించి ఊరుకునేది కాదు. నాన్న కెమెరా లెన్సు విప్పేవాడు, ఫ్లాష్ విప్పేవాడు, స్టాండు కాళ్లు ఊడదీసేవాడు. విప్పడానికి వీలైన ప్రతిదాన్నీ తుడిచి, అరిటాకు మీద విడివిడిగా పెట్టి, విడివిడిగా బొట్టు పెట్టేవాడు. “అన్నం పెట్టే చేతిలో అయిదు వేళ్లుంటే అయిదు వేళ్లకూ మొక్కాల” అనేది ఆయన పద్ధతి. కొత్తగా కొట్టుకొచ్చిన సర్వర్‌ను మాత్రం ఎలా వదిలేస్తాం? నేనే ఆపి, నాలుగు పిడులూ పట్టి లాగి, నాలుగు డిస్కులూ ఆకు మీద పేర్చాను. నాన్న వంగి, ఉంగరపు వేలితో ఒక్కోదానికీ గంధం, గంధం మీద కుంకుమ పెట్టాడు. “వీళ్లంతా ఇందులోనే ఉండారు గదా” అన్నాడు. గుమ్మడికాయ కొట్టాం. పూజ చేసిన పనిముట్టును ఆ రోజంతా ముట్టకూడదు.

మర్నాడు ఉదయం డిస్కులు మళ్లీ అరల్లో పెట్టాను. ఏది ఏ అరదో నేను రాసుకోలేదు. నాలుగు బొట్లూ ఒక్కలాగే ఉన్నాయి.

స్విచ్చి వేస్తే ఆకుపచ్చ బదులు నారింజ దీపాలు వెలిగాయి. పెట్టె కీచుమంది. కంప్యూటర్ తెర మీద ఇంగ్లీషులో ఏదో అడుగుతోంది. కుప్పానికి ఫోన్ చేశాను.

“ఏమంటాండాది బావా?”

“డిస్కుల్ని గుర్తుపట్టలేకున్నాదంట. మొదట్నుంచీ సిద్ధం చేయాల్నా అంటాండాది.”

“ఓకే కొట్టు. అది ఊరికే అట్ల అడుగుతాది.”

“పాతవి పోవు గదా?”

“యాడికి పోతాయి బావా? ఆ పెట్టెలోనే గదా ఉండేది! నాకీడ గిరాకీ ఉండాది, పెట్టేస్తాండా.”

కొట్టాను. రాత్రయ్యేసరికి నాలుగు దీపాలూ ఆకుపచ్చగా వెలిగాయి. తెర మీద తీరికగా ఒక వరస వచ్చింది: మొత్తం చోటు ఖాళీగా ఉంది. మొత్తం చోటు కావాలని పట్టుబట్టినవాణ్ని గదా, మొత్తం దక్కింది.

పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సులో బెంగళూరు వెళ్లాను. అక్కడ చూసినతను మంచివాడు, పాపం మెల్లగానే చెప్పాడు. వరస మారితే సరిచేయవచ్చునట, అది పెద్ద పనేమీ కాదట. ఓకే కొట్టాక పెట్టె పాతదంతా చెరిపి కొత్తగా సిద్ధం చేసిందట, ఇక చేయగలిగింది లేదట. డిస్కుల మీద ఎర్రగా ఏమిటని అడిగాడు. కుంకుమ అన్నాను. తల దించుకుని తుడిచి ఇచ్చాడు.

బావమరిదిని అడిగితే, “ఓకే కొట్టమన్నానా? సూసుకోని కొట్టమంటి గదా బావా” అన్నాడు.

నాన్నకు చెప్పినప్పుడు ఆయన పంచె కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

“అన్నీనా?”

“అన్నీ.”

అద్దాలు పెట్టుకున్నాడు. తిట్టివుంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

కొన్నాళ్లకు వెంకటగిరికోట నుంచి ఒకామె కొట్టుకు వచ్చింది. చిన్నప్పుడే తండ్రి పోయాడట, మొహం గుర్తులేదట, పుంగనూరులో ఫోటో దిగాడని వాళ్లమ్మ చెప్పేదట. నాన్న పుంగనూరు అలవాటుకొద్దీ లోపలికి పోవడానికి లేచాడు. రెండడుగులు వేసి, గోడ దగ్గర ఆగిపోయాడు. నేను నోరు తెరిచేలోపు ఆయనే వెనక్కి తిరిగాడు.

“లేదమ్మా. నేనే పోగొట్టినా.”

“పెద్దది సెయ్యాల్సిన పన్లేదప్పా. ఒగసారి సూస్తే సాలు.”

“పోగొట్టినానమ్మా” అన్నాడు మళ్లీ. ఆమె నన్ను చూసింది. నేను సర్వర్‌ను చూశాను. ఆరోజు తరువాత నాన్న కొట్టుకు రావడం మానేశాడు.

ఏడాది తిరిగాక కుప్పం నుంచి ఆహ్వానం వచ్చింది. బావమరిది షాపును పెద్దది చేస్తున్నాడు. కొత్త బోర్డు కూడా పెట్టించాడు: ‘ఇచ్చట పోయిన డేటా తిరిగి తెప్పించబడును.’ కార్డు చదివి నాన్నకు ఇచ్చాను. చదివి, చాలాకాలం తరువాత ముక్కుతో నవ్వాడు.

ఆ సాయంత్రమే సర్వర్‌ను రాక్‌లోంచి దించి, తెల్లగుడ్డ ముందు పెట్టి, మూడు లైట్లు వేసి ఫోటో తీశాను. మా వృత్తిలో పోయినవాళ్ల పటం ఎలా తయారుచేస్తామో అలాగే. పెద్దది చేసి ఇంటికి తెచ్చాను. నాన్న అడగకుండానే బ్రష్షు తీసి కూర్చున్నాడు. అంచులన్నీ మంచులో కలిపేశాడు. నాలుగు అరల మీద వెలుతురు నిలిపాడు. చివర ఒక్కో అరకూ గుండ్రంగా, ఎర్రగా చుక్క పెట్టాడు. ఫ్రేము కట్టించి, గంధపు చెక్క పూలమాల వేసి, కింద చిన్న ఎర్ర బల్బు బిగించాను.

కొత్త షాపు తెరిచే రోజు పదిమందీ చూస్తుండగా దాన్ని బావమరిది చేతిలో పెట్టాను. అక్క మొగుడు శుభకార్యానికి తెచ్చిన కానుకను గోడకు తగిలించకపోతే మా వైపు మర్యాద కాదు. అతనికి అర్థమైంది. మొహం ఎండిన చింతపండులా అయింది. “బాగుండాది బావా” అంటూనే మేకు కొట్టాడు, సరిగ్గా గల్లాపెట్టె పైన.

మా అత్తగారు దగ్గరికొచ్చి కళ్లు చికిలించుకుని చూసింది. “ఎవురు నాయనా ఈయప్ప?”

“మా నాయన ఫోటోలుండిన పెట్టె అత్తా. రామకుప్పం, గుడుపల్లె, వెంకటగిరికోట... పోయినోళ్లంతా ఇందులోనే ఉండినారు.”

“అయ్యో, అంతమందా!” అని ఆమె రెండు చేతులూ జోడించి, కొడుకును కేకేసింది. “రేయ్, కర్పూరం తేరా. ఇంగమీద శుక్రారం శుక్రారం నేనే వచ్చి పూలు పెడతా. దీన్నెవురన్నా తీసినారో, సూడు!”

ఆ మాట ఆమె నిలబెట్టుకుంది. పోయిన డేటా తిరిగి కావాలని వచ్చే ప్రతివాడూ ముందు ఆ పటం చూస్తాడు, తరువాత మా బావమరిది మొహం చూస్తాడు. అడిగినవాళ్లకల్లా మా అత్తగారు కథ మొత్తం చెబుతుంది. ఓకే కొట్టమన్నది ఎవరో కూడా వదలకుండా.