అంజమ్మ చేతికి బటన్ ఇచ్చిన మల్లేశం సార్

మొన్న సంగారెడ్డి నుంచి బస్సులో వస్తుంటే, ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర కిటికీలోంచి ఆ వాసన తగిలింది. మాత్రల పొడి, రసాయనాలు, వేడెక్కిన ఇనుము కలిసిన చేదు వాసన. పక్క సీటులో ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం కిటికీ అద్దం ఇంకాస్త జరిపాను. ఇరవై రెండేళ్ల వయసులో పాశమైలారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో నేను చేరిన రోజులు, మల్లేశం సార్ గొంతు, అన్నీ ఆ వాసనతో పాటే వచ్చి మీద పడ్డాయి.

అప్పటికి మా ఫ్యాక్టరీలో ఏ మిషన్ ఆగినా మెయింటెనెన్స్ ఆఫీసులో ఒక రిజిస్టర్‌లో రాసేవారు. రాసినవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చి అడిగేవారు, గొడవపడేవారు. ఆ రిజిస్టర్ స్థానంలో కంపెనీ ఒక హెల్ప్‌డెస్క్ సాఫ్ట్‌వేర్ కొన్నది. ఇంటర్నెట్ పేజీలా తెరుచుకుంటుంది. కంప్లెయింట్ రాస్తే ఒక నంబరు వస్తుంది. ఎవరికి అప్పగించారో, పని ఎంతవరకు వచ్చిందో ఎక్కడి నుంచైనా చూసుకోవచ్చు. దాన్ని నడిపించే పని కొత్తగా చేరిన నాది. ఇప్పటివాళ్లకు అదేమంత గొప్ప కాదు గానీ, ఆ మొదటి పేజీ తెరుచుకున్న రోజు నాకు ఆకలి కూడా వేయలేదు.

భయం మాత్రం ఒకటుండేది. మెయింటెనెన్స్ ఫోర్‌మన్ మల్లేశం సార్ ఒప్పుకోడని అందరూ బెదిరించారు. రుద్రారంలో కూలీనాలీ చేసుకునే ఇంట్లో పుట్టి, ఐటీఐ చదివి, స్పానర్‌తో పైకొచ్చిన మనిషి. యాభై దాటాయి. కంప్యూటర్ ముట్టి ఎరగడు. మెయింటెనెన్స్ ఆఫీసులో కొత్త కంప్యూటర్ ముందు నేను చెప్పిందంతా చేతులు కట్టుకుని విని ఒకే మాట అడిగాడు.

"గిది ఎవ్వల కొరకు బిడ్డా? ఆఫీసుల కూసున్నోళ్ల కొరకా, మిషన్ కాడ నిలబడ్డోళ్ల కొరకా?"

"అందరి కొరకు సార్."

"అట్లయితే ఈ డబ్బా ఇక్కడెందుకు? క్యాంటీన్ కాడ పెట్టు. అందరి కాళ్లు ఆడికే వస్తయి."

మర్నాడు తనే బల్ల మోసుకొచ్చి క్యాంటీన్ వరండాలో వేశాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి చుట్టూ జాతరలా జనం. మొదటి కంప్లెయింట్ ప్యాకింగ్‌లో పనిచేసే అంజమ్మది. ఆమెకు అంకెలు వచ్చు గానీ అక్షరాలు రావు. ఆమె చెప్పింది, నేను టైపు చేశాను: పొడిని బయటికి లాగే ఫ్యాన్ తిరగడం లేదు. తెర మీద ఒకటో నంబరు మెరిసింది. అంజమ్మ దాన్ని పెన్నుతో అరచేతిలో రాసుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

సాయంత్రానికల్లా మల్లేశం సార్ మోటారు మార్చి వచ్చాడు. నేను ఉత్సాహంగా 'పూర్తయింది' నొక్కబోయాను.

"ఆగు. అయిందని ఎవ్వలు చెప్పిండ్రు?"

"మీరే కద సార్ చేసిండ్రు?"

"నేను చేసిన. అయిందో లేదో ఆమె చెప్పాలె. నడువు."

వెళ్లాం. ఫ్యాన్ బ్రహ్మాండంగా తిరుగుతోంది. అంజమ్మ మొహానికి గుడ్డ కట్టుకుని నిలబడి ఉంది. "తిరుగుతుంది సారూ, గని ఉల్టా తిరుగుతుంది. పొడంత నా మొకం మీదికే వస్తుంది!" మల్లేశం సార్ ఒక్క క్షణం పైకి చూసి, కడుపు పట్టుకుని నవ్వాడు. మోటారుకి రెండు వైర్లు ఒకదాని చోట ఒకటి పడ్డాయి. అక్కడికక్కడే మార్చాడు. పొడి బయటికి పోయింది. అంజమ్మ గుడ్డ విప్పింది.

తిరిగొస్తూ దారిలో అడిగాడు: "ఆ మూసే బటన్ మా చేతిల గాక, కంప్లెయింట్ ఇచ్చినోళ్ల చేతిల పెట్టొస్తదా?" సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు మూడు రోజులు కుస్తీ పట్టాను. చివరికి ఆ బటన్ కంప్లెయింట్ ఇచ్చినవాళ్లకే వచ్చింది. నేను అరిచిన అరుపుకి పక్క గదిలోవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

అసలు పరీక్ష నెల రోజులకి వచ్చింది. రిజిస్టర్‌లో ఎప్పుడూ అన్నీ పూర్తయినట్టే ఉండేవి. ఇప్పుడు ఇచ్చినవాళ్లే మూయాలి కాబట్టి తెర నిండా పూర్తికానివే. మరో వారంలో హెడ్డాఫీసువాళ్లు వస్తున్నారు. మేనేజర్ నన్ను పిలిచి, "ఇవన్నీ ఇవాళే క్లోజ్ చేసెయ్యమ్మా. నీ ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు, గుర్తుందిగా" అన్నాడు. అందరి తరఫునా మూసే అధికారం నా పాస్‌వర్డ్‌కి ఉంది. మౌస్ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. నొక్కబుద్ధి కాలేదు. లేచి మల్లేశం సార్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను.

ఆయన నన్ను వెంటబెట్టుకుని నేరుగా మేనేజర్ గదిలోకి నడిచాడు.

"సార్, ఆ పిల్లను పరేషాన్ చెయ్యకుండ్రి. అన్నీ నా పేరు మీదున్నయి, ఇజ్జత్ పోతే నాది పోతది. వారం టైమియ్యుండ్రి. నొక్కి కాదు, పని చేసి బంద్ చేస్తం."

మేనేజర్ గోడ మీది క్యాలెండర్ చూశాడు. చివరికి, "వారమే" అన్నాడు.

ఆ వారం లాంటి వారం నా జీవితంలో మళ్లీ రాలేదు. పొద్దున్నే జాబితా ప్రింటు తీసి క్యాంటీన్ గోడకి అంటించేదాన్ని. ఒక్కో నంబరూ కొట్టేస్తుంటే టీ గ్లాసులతో జనం ఈలలు వేసేవారు. బిహార్ నుంచి వచ్చిన వెల్డర్లు "దీదీ, హమారా నంబర్ కబ్?" అని, తమ వంతు ఎప్పుడొస్తుందని వెంటపడేవారు. మల్లేశం సార్ గోడ ఎక్కి, పైపు కింద దూరి, చొక్కా నిండా గ్రీజుతో, పెళ్లింటి పెద్దలా తిరిగాడు.

హెడ్డాఫీసువాళ్లు వచ్చేసరికి మూడే మిగిలాయి. ఎందుకని అడిగారు. "సామాను రాలే సార్. రాలేదనే రాసినం" అన్నాడాయన. వాళ్లలో ఒకాయన, నిజంగా పనివాళ్లే మూస్తున్నారా అన్నాడు. అంజమ్మ ముందుకొచ్చింది. ముందురోజు బాగుచేసిన తన సెక్షన్ తలుపు నంబరు తెర మీద వెతికి పట్టి, వేలితో మౌస్ గట్టిగా నొక్కింది. తర్వాత ఆయన వైపు తిరిగి, "తలుపు మంచిగ పడుతుంది, జెర వచ్చి చూడుండ్రి" అంది. ఆయన నిజంగానే వెళ్లి చూసొచ్చాడు. ఆ నెలే నా ఉద్యోగం పర్మనెంట్ అయింది.

మల్లేశం సార్ రిటైరై చాలా ఏళ్లయింది. నేను వేరే కంపెనీల్లో, ఇంకా పెద్ద హెల్ప్‌డెస్క్‌లు నడిపాను. ఇప్పటికీ ఏదైనా మూసేముందు, కంప్లెయింట్ ఇచ్చిన మనిషికి ఒక్కసారి ఫోన్ చేస్తాను. పక్కవాళ్లు టైమ్ వేస్ట్ అంటారు. అవతలి గొంతు మొహమాటంగా "ఇంకా కాలేదండీ" అన్నప్పుడు నాకు విసుగు రాదు. ఒంట్లోకి ఏదో హుషారు వస్తుంది. కుర్చీ ముందుకు జరుపుకుని, "చెప్పండి, ఏమవుతోంది?" అంటాను.