నేను చూశానన్న ఎపిసోడ్

మా ఇంట్లో ఈ మధ్య నవ్వులు ఎక్కువయ్యాయి. నాకు అనుమానం వచ్చింది అక్కడే.

సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి నా మనవరాలు ఫోను టీవీకి కలిపి, "మామ్మా, రా, నీ సీరియల్ పెట్టాను" అని కేకేస్తుంది. తొమ్మిదో తరగతి పిల్ల. ఆ పిల్ల చూసేవన్నీ అర నిమిషంలో అయిపోయే బొమ్మలు. అలాంటిది ముప్పై ఏళ్ళ కిందటి నా పాత సీరియల్ వెతికి వెతికి పెట్టడమేమిటి? మా కోడలు స్టవ్వు మీద కూర తగ్గించి వచ్చి నా పక్కన కూర్చోవడమేమిటి? ఆఫీసు నుంచి వస్తూనే చొక్కా అయినా మార్చుకోకుండా మా అబ్బాయి చిన్న మాటకి కూడా పగలబడి నవ్వడమేమిటి? నవ్విన తర్వాత ముగ్గురూ టీవీ వైపు కాకుండా నా మొహంలోకి చూడటమేమిటి?

నవ్వుని నమ్మకూడదని నాకు నేర్పింది ఆ సీరియలే. వారానికి ఒక అరగంట వచ్చేది. రిటైరైన పోస్టుమాస్టరు, ఆయన భార్య, ముసలి తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. అందులో మొదటి ఇరవై నిమిషాలూ కడుపు పట్టుకుని నవ్వడమే. చివరి పది నిమిషాల్లో అసలు సంగతి బయటపడేది. పక్కింటాయన తాగి తూలుతూ వచ్చి వీళ్ళ గేటుని తన గేటనుకుని తాళం తీయబోయేవాడు. మూడు వారాలు అది చూసి మేం విరగబడి నవ్వాం. నాలుగో వారం ఆయన భార్య గ్లాసుడు పంచదార కోసం వచ్చింది. కొంగు తీస్తే పెదవి పగిలి ఉంది. ఆ రోజు చూస్తున్న ఆడవాళ్ళలో ఒక్కరూ పక్కవాళ్ళ మొహం చూడలేదు. ఎవరింట్లో ఏముందో ఎవరికి తెలియదు గనక?

అప్పట్లో మాది కొల్లేటి ఒడ్డున, మండవల్లి దాటి లోపలికి వెళితే వచ్చే ఊరు. పుట్టిందీ అక్కడే, మేనత్త కొడుకుని చేసుకుని కాపురం పెట్టిందీ అక్కడే. మా పేట మొత్తానికి ఒకటే టీవీ, అదీ పాస్టరుగారింట్లో. ఆయన్ని అయ్యగారనీ, ఆయన భార్యని అమ్మగారనీ అనేవాళ్ళం. ఊడ్పుల నుంచి వచ్చి, కాళ్ళ బురద కడుక్కుని, పిల్లల్ని చంకనేసుకుని ముప్పై మందిమి ఆ ముందు గదిలో కూర్చునేవాళ్ళం. నేను అయిదో తరగతి వరకే చదివాను. కానీ ఒకసారి విన్నది, ఒకసారి చూసింది నా బుర్రలోంచి పోదు. ఎవరి పెళ్ళి ఏ వారం జరిగింది, ఏ వరదకి ఎవరి గొడ్డు కొట్టుకుపోయింది, అన్నీ నన్నే అడుగుతారు. మా ఇంట్లో నాకున్న పెత్తనం అదొక్కటే.

ఆ పెత్తనానికే ఇప్పుడు ఎసరు వచ్చింది.

నిజం దాచను. ఈ ఏడాది రెండుసార్లు నీళ్ళు పోయకుండా కుక్కర్ పెట్టాను. ఒకసారి మనవరాల్ని దాని మేనత్త పేరుతో పిలిచాను. తాడేపల్లిగూడెం వచ్చి ఇరవై ఏళ్ళయినా, మొన్నొక రోజు మార్కెట్ నుంచి వస్తూ మా సందు దాటిపోయాను. ఇలాంటివి ఎవరికి జరగవు? కానీ ఆ తర్వాతే సీరియల్ మొదలైంది. బొమ్మ మధ్యలో ఆపి, "మామ్మా, ఇప్పుడేమవుద్దో చెప్పు" అంటుంది మనవరాలు. నేను చెబుతాను. ఆ తర్వాత బొమ్మ నడిపిస్తే నేను చెప్పినట్టే జరుగుతుంది. పోస్టుమాస్టరు కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతకడం చెప్పాను. చిన్నకొడుకు కాలేజీకని బయలుదేరి రైల్వే స్టేషన్లో కూర్చోవడం చెప్పాను. "అబ్బో, మామ్మా!" అని మనవరాలు చప్పట్లు కొట్టేది. కోడలు ఊపిరి పీల్చుకునేది. అది కూడా నేను కనిపెట్టాను.

అలా అన్నీ సరిగ్గా చెబుతూ వచ్చినదాన్ని ఒక్కచోట దొరికిపోయాను.

ఆ ఎపిసోడ్‌లో పోస్టుమాస్టరు భార్య బీరువాలో ఏదో దాస్తుంటుంది. ఎవరైనా గదిలోకి వస్తే చటుక్కున తలుపు వేసేస్తుంది. ఇంట్లో అందరూ ఆవిణ్ణి ఆట పట్టిస్తారు. మనవరాలు అక్కడ ఆపింది.

"చెప్పు మామ్మా."

"ఇది నన్నడుగుతావేంటే? ఆవిడకి రొమ్ములో గడ్డ. సిగ్గుపడి ఇంట్లో ఎవరికీ చెప్పదు. డాక్టరు చీటీ బీరువాలో దాస్తుంది. కూతురు చూసి, బతిమాలి లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. ఆవిడ ఆకుపచ్చ చీర కట్టుకుని కూర్చుని, నాకు భయంగా లేదమ్మా, సిగ్గుగా ఉంది అంటుంది. ఆ మాటకి మేమందరం ఏడ్చాం."

ఇది నేను ఇంట్లో కొత్తగా చెప్పింది కాదు. మా చర్చిలో మైకు పట్టుకుని ఎన్నిసార్లు చెప్పానో! మా అమ్మ ఆ ఎపిసోడ్ చూసిన మర్నాడే పనికి వెళ్ళకుండా అమ్మగారి దగ్గరికి వెళ్ళింది. అమ్మగారు ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అమ్మకీ అదే గడ్డ. కోసి తీసేశారు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు బతికింది. టీవీలోంచి దేవుడు మా అమ్మతో మాట్లాడాడని నేను సాక్ష్యం చెబితే, అందరూ హల్లెలూయ అనేవారు.

మనవరాలు బొమ్మ నడిపించింది. బీరువా తెరుచుకుంది. అందులో సున్నుండల డబ్బా ఉంది. ఆవిడకి షుగరు. డాక్టరు వద్దన్నా దొంగచాటుగా తింటోంది. చివరికి కళ్ళు తిరిగి పడిపోతే, అందరూ ఏడుస్తూ మందలించారు. గడ్డ లేదు. లేడీ డాక్టరు లేదు.

"ఇది వేరేది. నేను చెప్పింది ఇంకోటి" అన్నాను.

"మొత్తం అన్నీ చూసేశానమ్మా నేను. అలాంటిది లేదు" అన్నాడు మా అబ్బాయి. వాడు నవ్వలేదు.

మనవరాలు ఊరుకోకుండా, "మామ్మా, మీరు చూసింది బ్లాక్ అండ్ వైట్ టీవీ కదా. చీర ఆకుపచ్చదని ఎలా తెలిసింది?" అంది.

"నోర్ముయ్యవే" అంది కోడలు దాంతో. నాకు మాత్రం ఎప్పుడూ లేనంత మెత్తగా, "పోనీలెండి అత్తయ్యగారూ, దానికేముంది" అంది. ఆ మెత్తదనం నాకు అస్సలు నచ్చలేదు.

మర్నాడు పెరట్లో బట్టలు తీస్తుంటే, కిటికీలోంచి కోడలు ఫోనులో వాళ్ళక్కతో మాట్లాడటం వినబడింది. "పాతవి అడిగి చూడమన్నారే డాక్టరుగారు. అన్నీ చెబుతున్నారు గానీ, నిన్న ఒకటి లేనిది ఉన్నట్టే చెప్పారు. కన్నీళ్ళు పెట్టుకుని మరీ చెప్పారే. వచ్చే సోమవారం ఏలూరు తీసుకెళ్తాం. కళ్ళు చూపిద్దామని చెప్పాలి, లేకపోతే రారు."

నేను బట్టలు మడత పెట్టుకుంటూ నిలబడిపోయాను. మతి పోతోందని ఒకసారి పేరు పడితే ఇంక నా మాట ఎవరు వింటారు? అవును మామ్మా, సరే మామ్మా అంటారు. అంతే. అప్పుడు నేను చెప్పిన సాక్ష్యం సంగతేంటి? అన్నేళ్ళు మైకులో అబద్ధం చెప్పానా?

అయ్యగారి ముందు గదిలో నాతో కూర్చున్న పెద్దవాళ్ళలో మా పిన్ని ఒక్కతే మిగిలింది. మర్నాడు చర్చి పని ఉందని చెప్పి, స్టేషన్‌కెళ్ళి రైలెక్కాను. ఏలూరులో దిగి కైకలూరు బస్సు పట్టుకున్నాను. కొల్లేరు మీద రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువుల గట్లే. అక్కడినుంచి ఆటోలో ఊళ్ళోకి వెళ్ళేసరికి పన్నెండయింది. పిన్ని అరుగు మీద గోనె పరుచుకుని ఎండుచేపలు ఏరుతోంది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! చెప్పా పెట్టకుండా ఊడిపడ్డావేంటే? కోడలు తరిమేసిందా?"

"తరిమే ఏర్పాట్లో ఉంది. పిన్నీ, ఒకటడుగుతాను, సరిగ్గా చెప్పు. సీరియల్‌లో పోస్టుమాస్టరు పెళ్ళానికి గడ్డ వచ్చిందా, రాలేదా?"

పిన్ని చేతిలో చేప చేతిలోనే ఉంచి నన్ను ఎగాదిగా చూసింది. "దీనికోసం గూడెం నుంచి వచ్చావా?"

"వచ్చాను."

"రాలేదు."

అరుగు మీద కూలబడ్డాను. "మరి నేను చూశానే!"

"చూళ్ళేదు, విన్నావు. బీరువా తలుపేసింది చూడు, అక్కడ కరెంటు పోయింది. లేచిపోతుంటే అమ్మగారు కూర్చోబెట్టింది. ఈ కథ మా చెల్లెలింట్లో ముందే చూశాను, మిగతాది చెబుతానంది. లాంతరు పక్కన కూర్చుని, ఆ గడ్డా, ఆ డాక్టరమ్మా, ఆ సిగ్గూ, అంతా ఆవిడే చెప్పింది. వారానికోసారి వచ్చేది ముందే ఎలా చూస్తారే? ఒక్కరం అడిగామా?"

"ఆకుపచ్చ చీర?"

"ఆ వేళ ఆవిడ కట్టుకుందే అది."

అప్పుడు లాంతరు గుర్తొచ్చింది. చిమ్నీ మీద మసి, ఆవిడ చేతి గాజు దానికి తగిలిన చప్పుడు కూడా. ఇన్నేళ్ళూ అవి ఎక్కడికి పోయాయో మరి! ఆవిడ గొంతుని టీవీలో పెట్టేసి, లాంతరుని తీసి పక్కన పడేశాను నేను.

"పాపం, కరెంటు సరిగ్గా అప్పుడే పోవాలా" అన్నాను.

పిన్ని చేపని పళ్ళెంలో పడేసి, "కరెంటు ఎక్కడ పోయిందే?" అంది. "నేను మీ తమ్ముణ్ణి ఉచ్చ పోయించడానికి వాకిట్లోకి వచ్చాను. ఎదురింట్లో ఫ్యాను తిరుగుతోంది. గట్టు మీద బల్బులు వెలుగుతున్నాయి. అయ్యగారింట్లో మట్టుకే చీకటి. మెయిన్ స్విచ్చి లోపలి గదిలో ఉండేది. కరెంటు పోయేటప్పుడు ఆ గది గుమ్మంలో నిల్చున్నది అమ్మగారే."

"మా అమ్మ సంగతి ఆవిడకెలా తెలుసు?"

"కాలవ రేవులో మీ అమ్మ పక్కన రోజూ నీళ్ళు పోసుకున్నదెవరు?" అంది పిన్ని. "నేను. రెండు నెలలు చెప్పాను, ఆసుపత్రికి పదవే అని. నామీద ఒట్టేయించుకుంది, ఎవరికీ చెప్పనని. నేను ఒట్టు తప్పి ఒక్కరికే చెప్పాను."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగావా? నువ్వేమో అక్కడ మైకు పట్టుకుని సాక్ష్యాలు చెబుతున్నావంట. దేవుడికి పేరొస్తుంటే మధ్యలో నేనెందుకే?"

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ముగ్గురూ గుమ్మంలో ఉన్నారు. కోడలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చర్చికి మనిషిని పంపించారట. నేను అక్కడ లేనని తెలిసింది. "ఎక్కడికెళ్ళిపోయారండీ? దారి తప్పారనుకున్నాం" అంది.

కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. పిన్ని, లాంతరు, మెయిన్ స్విచ్చి, అంతా. మనవరాలు నోరు తెరుచుకుని వింది. మా అబ్బాయి రెండుసార్లు నవ్వాడు, రెండోసారి కళ్ళు తుడుచుకున్నాడు. కోడలు మాత్రం తల దించుకునే ఉంది. నేను ఆ పిల్లనే చూస్తూ అన్నాను.

"ఆడదాన్ని డాక్టరు దగ్గరికి పంపడానికి అబద్ధమాడేవాళ్ళు మా ఇంటికి కొత్త కాదమ్మా. కళ్ళకని చెప్పక్కర్లేదు. సోమవారం వస్తాను, పద."

"విన్నారా?" అంది గుడ్లప్పగించి.

"నాకు చెవులు బాగానే ఉన్నాయి."

ఆదివారం చర్చిలో లేచి నిలబడ్డాను. ఇన్నేళ్ళూ తప్పు చెప్పాను, మా అమ్మతో మాట్లాడింది టీవీ కాదు, ఒక పాస్టరుగారి భార్య, అదీ అబద్ధమాడి, స్విచ్చి కట్టేసి, అన్నాను. హల్లెలూయ వెంటనే రాలేదు. వెనక బెంచీలో ఇద్దరు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు. పెద్దామెకి పాపం, అనే అయి ఉంటుంది. అననీ.

సోమవారం ఏలూరు వెళ్ళాం. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. అయిదు మాటలు చెబుతానండీ, కాసేపాగి అడుగుతాను, చెప్పండి అన్నాడు. ఈలోగా నా ఊరేదో, పెళ్ళెప్పుడో, పిల్లలెందరో అడిగాడు. నేను ఊరితో మొదలుపెట్టి కొల్లేరు వరదల దాకా వెళ్ళిపోయాను. ఆయన చేయి అడ్డం పెట్టి, "ఇప్పుడు ఆ అయిదు మాటలూ చెప్పండి" అన్నాడు.

చీపురు. గడియారం. రైలు. మామిడికాయ.

పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. కోడలు నా చేయి పట్టుకుంది. ఆ పిల్ల పెదవులు కదలబోయి ఆగిపోవడం చూశాను.

"పర్వాలేదండీ, నాలుగు చెప్పారు" అన్నాడు డాక్టరు. రాసుకున్నాడు. ఆరు నెలలకి మళ్ళీ రమ్మన్నాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు నాకే ఇచ్చింది కోడలు. ఆ అయిదోది ఏమిటో ఆ పిల్లకి తెలుసు. అడిగితే చెబుతుంది. గూడెం వచ్చేదాకా నేనూ అడగలేదు, తనూ చెప్పలేదు.