మామగారి సబ్‌వూఫర్

మామగారికి ఉన్నది ఒకటే పిచ్చి. సబ్‌వూఫర్‌ను ఒకచోట ఉండనివ్వరు. పాటలోని డోలు దెబ్బలన్నీ మోసే ఆ నల్లపెట్టెను, పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు, హాలంతా తిప్పుతుంటారు. ఎందుకని అడిగితే ఎవరికైనా ఒకటే జవాబు: "గాలిలో తేమ మారిందండీ."

పెళ్ళయిన కొత్తలో అల్లుడు మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళి సోఫాలో కూర్చోబోతే మామగారు వారించారు.

"అక్కడ కాదు అల్లుడుగారూ. అది పెట్టెకి."

వీపుకి దిండు ఆనించుకుని సబ్‌వూఫర్ దర్జాగా కూర్చుని ఉంది. అల్లుడికి నేల మిగిలింది.

"మనం కూర్చునే చోట దాన్ని కూర్చోబెట్టి, పాట పెట్టి, మనం గోడల వెంట పాకాలి. మోత ఎక్కడ నిండుగా వినబడితే అక్కడ పెట్టెను దించాలి," అన్నారు మామగారు. అప్పటికే మోకాళ్ళ మీద ఉన్నారు.

"నేను కూడానా మామయ్యగారూ?"

"నా చెవులు పాతబడ్డాయి. మీవి కొత్తవి కదా."

ఇస్త్రీ మడత నలగని ప్యాంటుతో అల్లుడు పాకాడు. టీవీ బల్ల పక్కన డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టుంది. కిటికీ కింద మోతే లేదు. చెప్పుల స్టాండు దగ్గర జలుబు చేసినవాడు దగ్గినట్టుంది. కాఫీ తెచ్చిన అత్తగారు ఇద్దరినీ చూసి, కప్పులు కూడా నేల మీదే పెట్టి వెళ్ళారు.

చివరికి పక్కవాటా గోడ మూల దగ్గర డోలు దెబ్బ గుండెకి తగిలింది. మామగారు వచ్చి చెవి ఒగ్గి, కళ్ళు మూసుకున్నారు.

"బంగారంలాంటి చెవులండీ మీవి," అని పెట్టెను తెచ్చి అక్కడ దించారు.

అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడయింది. మామగారు చటుక్కున పాట ఆపి, తలుపు తీసి చూశారు. పక్కవాటాలో ఉండే నర్సు సంచీ భుజాన వేసుకుని వస్తోంది.

"ఈ వారం రాత్రి డ్యూటీయా అమ్మా?"

"నిన్నటి నుంచేనండీ. ఇప్పుడు వెళ్ళి పడుకోవాలి."

మామగారు లోపలికి వచ్చి, పెట్టెను ఎత్తుకెళ్ళి చెప్పుల స్టాండు పక్కన పెట్టేశారు.

"అక్కడ దగ్గినట్టుంటుంది మామయ్యగారూ."

"తేమ మారిందండీ," అన్నారాయన, మోత బాగా తగ్గించి.

అల్లుడు ఖాళీ కప్పులు పట్టుకుని వంటింట్లోకి నడిచాడు. అత్తగారు గొంతు తగ్గించారు.

"తేమా లేదు, పాడూ లేదు బాబూ. ఆ గోడ అవతలే ఆ అమ్మాయి మంచం. పగటి డ్యూటీ పడితే పెట్టె మళ్ళీ ఆ మూలకి చేరుతుంది."

"ఆవిడకి తెలుసా?"

"తెలిస్తే మొహమాటపడుతుందిట. నన్ను కూడా నోరు మెదపనివ్వరు."

సాయంత్రం మామా అల్లుళ్ళు బయటికి వెళ్తుంటే, డ్యూటీకి బయల్దేరిన నర్సు మెట్ల దగ్గర కలిసింది.

"ఈ వాటా వదలబుద్ధి కాదండీ," అంది అల్లుడితో. "ఇదివరకు ఉన్నచోట పక్కవాళ్ళ పాటలతో కునుకే ఉండేది కాదు. మీ మామగారికేమో పాటలంటే బొత్తిగా గిట్టదనుకుంటాను. ఏదైనా మంచి సెట్టు కొనిపెట్టకూడదూ? ఆయనకి కాలక్షేపంగా ఉంటుంది."

అల్లుడు మామగారి వైపు చూశాడు.

"ఈ వయసులో కొత్త అలవాట్లెందుకులే అమ్మా," అన్నారు మామగారు, ఆవిడ దిగడానికి పక్కకి తప్పుకుంటూ.