సామ్యూల్ బావ గెలిచిన సెమీఫైనల్

నిన్న పొద్దున్న షిఫ్ట్‌కి బయల్దేరుతుంటే ఫోన్ వచ్చింది.

"సామ్యూల్ పోయాడు."

ఏ సామ్యూల్ అని అడిగాను. నాకు తెలిసిన సామ్యూల్ ఒక్కడే. అయినా అడిగాను.

పెందుర్తిలో ఇంటి దగ్గర గుండెనొప్పి వచ్చిందట. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్తుండగానే అంతా అయిపోయింది. యాభై రెండేళ్లు.

మధ్యాహ్నానికి మా క్లబ్ గ్రూప్‌లో పోస్టర్ పడింది. బావ ఫోటో, చుట్టూ పూలు, కింద "మా ప్రియతమ స్నూకర్ కోచ్‌కి అశ్రునివాళి" అని.

కోచ్ అంట!

పద్దెనిమిదేళ్లు పనిచేయించుకున్నారు. ఒక్కరోజు, ఒక్కరు, ఆ మాట అన్నారా? మార్కర్ అన్నారు. స్కోరు రాసి, టేబుళ్ల మీద బట్ట బ్రష్ చేసి, మనం విసిరేసిన క్యూ కర్రలు తీసి స్టాండులో పెట్టే మనిషి. మనందరికీ ఆట నేర్పింది మాత్రం ఆయనే.

నాకూ ఆయనే నేర్పాడు.

చేరిన కొత్తలో సులువైన బంతులు కూడా మిస్ అయ్యేవాణ్ణి. గురి కుదరడం లేదని కళ్లజోడు కూడా మార్చాను. ఒకరోజు బావ ఖాళీ సోడా సీసా తెచ్చి టేబుల్ మీద అడ్డంగా పడుకోబెట్టాడు.

"బంతి సంగతి ఒగ్గీండి సార్. ఈ సీసా మూతిలోకి క్యూ పోనివ్వండి. గాజుకి తగలకూడదు."

పదిసార్లు ప్రయత్నించాను. పదిసార్లూ టింగుమంది.

"సూసారా? మీ కళ్లు బాగానే ఉన్నాయి. సెయ్యే తిన్నగా ఎల్తం లేదు. మోచెయ్యి బయటికి పోతంది. కొట్టీకొట్టకుండానే తల ఎత్తేసి బంతి పడిందా లేదా అని సూసేత్తన్నారు. తొందరేటి సార్? పడితే సప్పుడు ఇనపడతాది కదా."

రెండు నెలలు రోజూ ముందు సీసా, తర్వాతే బంతి. గురి పెట్టడం ఆ తర్వాత నేర్పాడు. "తెల్లబంతి ఇప్పుడెక్కడుందో కాదు, ఎర్రదాన్ని తాకినప్పుడు ఎక్కడుండాలో అక్కడ సూడండి" అనేవాడు. ఒకే మాట వందసార్లు చెప్పినా విసుక్కునేవాడు కాదు.

క్లబ్ లోపల నేను సార్. బయట టీకొట్టు దగ్గర మాత్రం వరస కలిపి ఒకరికొకరం బావ. "లోపల సార్ అనకపోతే నా ఉద్యోగం ఊడిపోద్ది బావా" అని నవ్వేవాడు.

నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

మూడేళ్ల కిందటి సంగతి చెప్తాను. చాలామందికి తెలుసు. ఎవరూ నోరెత్తరు.

క్లబ్ టోర్నమెంట్‌లో ఒకాయనకి జ్వరం వచ్చింది. డ్రాలో ఖాళీ పడింది. సెక్రటరీగారే "సామ్యూల్, సరదాగా నువ్వాడెయ్" అన్నారు.

మొదటి రౌండ్ గెలిచాడు. చప్పట్లు కొట్టారు. రెండో రౌండ్ గెలిచాడు. చప్పట్లు తగ్గాయి.

సెమీఫైనల్ నాతో. మూడు ఫ్రేముల్లో రెండు గెలిస్తే చాలు. మొదటి ఫ్రేమ్ ఆయనదే. రెండో ఫ్రేమ్‌లో ఆఖరికి నల్లబంతి మిగిలింది, టేబుల్ ఆ చివర. బావ వంగాడు. గడ్డం క్యూకి ఆన్చాడు. వెనక్కి లాగి ఒక్క క్షణం ఆగాడు. కొట్టాక కూడా అలాగే వంగి ఉన్నాడు. బంతి పడిన చప్పుడు వచ్చాకే లేచాడు.

ఓడిపోయినందుకు నాకు బాధ లేదు. అంత అందమైన షాట్ నేను మళ్లీ చూడలేదు.

సాయంత్రం కమిటీ కూర్చుంది. "మార్కర్ మెంబర్ కాదు కాబట్టి అతని గెలుపు చెల్లదు" అన్నారు. ఆడమన్నది వాళ్లే, చెల్లదన్నదీ వాళ్లే. సెక్రటరీగారు నా భుజం తట్టి, "కంగ్రాట్స్, ఫైనల్లో ఉన్నావ్" అన్నారు.

బావ పక్కనే ఉన్నాడు. టేబుల్ బ్రష్ చేస్తున్నాడు.

నేనేమన్నానో తెలుసా?

"థాంక్యూ సార్."

అంతే. అదొక్కటే నా నోట్లోంచి వచ్చింది.

మర్నాడు క్షమాపణ చెప్దామని, ఇంకా ఎవరూ రాకముందే క్లబ్‌కి వెళ్లాను. నోరు తెరవకముందే ఆపేశాడు.

"ఒగ్గీ బావా. నిన్న నీ మోచెయ్యి మళ్లీ బయటికి పోయింది, సూసుకున్నావా? రేపు ఫైనల్ పెట్టుకుని ఇలగైతే ఎలగ? ఇటు రా."

గంటసేపు దగ్గరుండి సరిచేశాడు. నేను ఫైనల్ గెలిచాను. కప్పుతో గ్రూప్ ఫోటోలో కమిటీ మొత్తం ఉంది. బావ లేడు. ఆ ఫోటో తీసింది బావే.

ఇవాళ సమాధుల తోటకి సెక్రటరీగారు పెద్ద పూలదండతో వచ్చారు. "మా కుటుంబసభ్యుడు" అని మాట్లాడారు. పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను.

తర్వాత బావ భార్య రూతు అక్క దగ్గరికి వెళ్లి, "అక్కా, బావంత ఆటగాడు మా క్లబ్‌లోనే లేడు" అన్నాను.

అక్క నా వైపు చూసింది.

"ఈ మాట ఆ రోజు అక్కడ అనుంటే బాగున్ను తమ్ముడూ. ఆయన ఇంటికొచ్చి అన్నం ముట్లేదు. 'నాను గెలిసానే, నిజంగానే గెలిసాను' అని సిన్నపిల్లడిలాగ ఏడిసాడు."

బావ ఏడ్చాడని నాకు తెలియదు. మూడేళ్లు రోజూ కలిశాను. తెలియనివ్వలేదు.

అందుకే అందరూ చూసేలా ఇక్కడ రాస్తున్నాను. ఆ సెమీఫైనల్లో నేను ఓడిపోయాను. గెలిచింది సామ్యూల్. క్లబ్ గోడ మీద విజేతల బోర్డులో ఆ ఏడాదికి నా పేరుంది. దాన్ని తీసేయమని కమిటీకి లెటర్ ఇచ్చాను. గ్రూప్‌లోనూ పెట్టాను. అందరూ చదివారు. ఒక్క రిప్లై లేదు. పోస్టర్ కింద మాత్రం దండాల మీద దండాలు.

వెళ్లిరా బావా.

నీకు అక్కడ ప్రశాంతంగా ఉండాలి. మాకు మాత్రం ఆ ప్రశాంతత ఇప్పుడప్పుడే వద్దు.