ఆటుపోట్ల కాగితం

డిసెంబరు ముప్పయ్యొకటిన పొద్దున్నే డెస్లీ ఫ్రిజ్ తలుపు తీసి, తడిగుడ్డ సంచిలో ఉన్న పంది తొడను బయటికి లాగి, వాసన చూసి మొహం చిట్లించింది. క్రిస్మస్‌నాటి మాంసం. వారం నుంచి రోజూ ఆ సంచిని వెనిగర్ నీళ్ళలో తడిపి, పిండి, మళ్ళీ చుట్టబెడుతూనే ఉంది. అయినా ఎముక దగ్గర జిగురు మొదలైంది. ఇవాళ ఇది పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ ఆట క్లబ్బు భోజనానికి పోవలసిందే. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఇలాంటి తొడ ఒకటి మిగిలే ఉంటుంది. అందరూ అదే పట్టుకొస్తారు, అందరూ ఒకరిది ఒకరు తిని "అబ్బ, ఎంత బాగుందో" అంటారు.

"తెచ్చేవాళ్ళకి సిగ్గులేదు, తినేవాళ్ళకి అంతకన్నా లేదు" అని గొణుక్కుంటూ, జిగురున్న మేర కత్తితో గీకి పారేసి, మిగతాది ముక్కలు కోసింది.

డెస్లీకి అరవై తొమ్మిదేళ్ళు. చెరకు మిల్లు పొగగొట్టం కన్నా ఎత్తయినదేదీ లేని ఆ ఊళ్ళో పోస్టాఫీసు కౌంటరు వెనక ముప్పయ్యొక్క ఏళ్ళు కూచుంది. కవరు మీద రాత చూసి ఎవరు రాశారో చెప్పేస్తుంది. ఇన్నేళ్ళలో ఇంకొకరి ఉత్తరం ఒక్కటి కూడా విప్పి చూడలేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంది. ఆమెకు అబద్ధమంటే రోత, సోమరితనమంటే రోత, చెప్పిన మాట చెయ్యని మనిషంటే మరీ రోత. అక్కడ నడివేసవి అయిన డిసెంబరులో ఒళ్ళంతా జిడ్డు కారే ఉక్కన్నా, పళ్ళన్నీ కొరికి సగం సగం పారేసే గబ్బిలాలన్నా అంతే. వీటన్నిటినీ మించిన రోత కిటికీలోంచి పెరట్లో కనిపించే పడవ.

ఆమె భర్త కెల్విన్ మిల్లుకు చెరకు మోసే రైలింజను నడిపి రిటైరైన ఏడాది, ఆ పాత చెక్కపడవను కొనుక్కొచ్చాడు. ఏడాది తిరిగేలోగా నీళ్ళలో దింపుతానన్నాడు. పదకొండేళ్ళయింది, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. దాన్ని మోసుకొచ్చిన బండి చక్రాల్లో గాలి పోయింది. పైన కప్పిన పరదా మీద మామిడిపళ్ళు రాలి, కుళ్ళి, చారలు కట్టాయి. అడుగున విషపు కప్పలు పిల్లాపాపలతో కాపురముంటున్నాయి. కెల్విన్ మాత్రం రోజూ పొద్దున్నే టీ కప్పుతో వెళ్ళి దాని పక్కన కాసేపు నిలబడి వస్తాడు. ఆ పొద్దున కూడా నిలబడే ఉన్నాడు.

"ఏమయ్యా, ఓడరేవులో అంతా క్షేమమేనా?" అని కిటికీలోంచి అరిచింది డెస్లీ.

"క్షేమమే డెస్."

"ఇవాళ గిన్నెలు తోమాలి, గుర్తుంచుకో. చేతులు అరగదీసుకోకు."

"అలాగే" అన్నాడు కెల్విన్. ఎప్పుడూ అలాగే అంటాడు. ఆ 'అలాగే' అన్నా ఆమెకు రోతే.

క్లబ్బులో దాదాపు అందరూ అరవై దాటినవాళ్ళు. అర్ధరాత్రి దాకా మేలుకునే ఓపిక ఎవరికీ లేదు. అందుకని వాళ్ళ కొత్త సంవత్సరం మధ్యాహ్నం పన్నెండింటికే వస్తుంది. బారు పక్కన వేలాడే ఇత్తడి గంట కొట్టి, ముద్దులు పెట్టుకుని, ఒంటిగంటకల్లా ఇళ్ళకు పోయి పడుకుంటారు. గంటకు ముందు చీటీల చదువు ఉంటుంది. కిందటి ఏడాది ఇదే రోజున ప్రతివాళ్ళూ కొత్త ఏట ఏం చేస్తారో ఒక చీటీ మీద రాసి బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. డబ్బాకు టేపు వేసి బీరువాలో పెడతారు. ఏడాది తర్వాత సెక్రటరీ దాన్ని తెరిచి ఒక్కొక్కటీ పైకి చదువుతుంది. "నిలిచింది" అనో "తప్పింది" అనో జనం అరుస్తారు. నిలిచినవి నీలం పళ్ళెంలో, తప్పినవి తెల్ల పళ్ళెంలో. తెల్ల పళ్ళెంలో పడ్డవాళ్ళు ఆ రోజు అంట్లు తోమాలి. చీటీ మీద పేరుండదు. సెక్రటరీ డెస్లీ అయ్యాక, పేరు లేకపోయినా ఒకటే, ఉన్నా ఒకటే.

ఆమె సెక్రటరీ అయి పంతొమ్మిదేళ్ళు. అక్షరం పొల్లుపోకుండా చదవాలి, ఏ చీటీనీ దాటెయ్యకూడదు అన్న నియమం ఆమె పెట్టిందే.

పదకొండున్నరకు డబ్బా మీది టేపు లాగింది. లోపల్నుంచి పాత బిస్కెట్ల వాసన, బొద్దింకల వాసన కలిసి గుప్పుమన్నాయి. ముక్కు పక్కకు తిప్పుకుని, మొదట తన చీటీనే వెతికి తీసింది. అది కూడా ఆనవాయితీయే.

"'ఈ ఏడాది నా నోరు అదుపులో పెట్టుకుంటాను.'"

"నిలిచింది!" అన్నారందరూ ఒక్క గొంతుతో, ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా. ఎవరూ పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. డెస్లీ ఆ చీటీని నీలం పళ్ళెంలో పెట్టింది. పంతొమ్మిదేళ్ళుగా అదే మాట రాస్తోంది, పంతొమ్మిదేళ్ళుగా నిలుస్తోంది. ఆ క్లబ్బు వంటగది తొట్టి ముందు ఆమె ఒక్కసారైనా నిలబడలేదు. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదంటారు. ఆ గింజకు పంతొమ్మిదేళ్ళు చప్పట్లు కొడితే ఇంకెలా తెలుస్తుంది?

తర్వాతది రోండాది. "'పది కిలోలు తగ్గుతాను.' ఇది ఎన్నో పది, రోండా? రాసినవన్నీ తగ్గి ఉంటే ఈపాటికి నువ్వు కుర్చీలో కనబడేదానివి కాదు."

జనం నవ్వారు. రోండా కూడా నవ్వి, అప్పుడే వడ్డించుకున్న క్రీము కేకును కొంచెం అవతలికి జరిపింది.

"'బీరు శుక్రవారం, శనివారం మాత్రమే.' నెవిల్, ఇవాళ ఏ వారం?"

"ఏ వారమైతేనేం, సెలవే కదా" అన్నాడు నెవిల్, రొయ్య తల పీకి, వేళ్ళు నిక్కరుకు తుడుచుకుంటూ. ఆ నిక్కరు చూసి డెస్లీకి ఒళ్ళు జలదరించింది. ఆరంభశూరులు, ఒట్టి ఆరంభశూరులు! నడవడం, కాగితాలు సర్దుకోవడం, చక్కెర మానడం. జనవరి నెలాఖరుకి ఏదీ మిగలదు. మళ్ళీ ఏడాదికి అవే అక్షరాలు, అవే తప్పులతో. చదివి చదివి ఆమెకు నోరు చేదెక్కింది. ఈ మనుషుల కోసం ఇంత శ్రద్ధగా డబ్బా దాస్తున్నందుకు తన మీద తనకే జాలేసింది.

తర్వాతి చీటీ మీద సన్నని, వాలు రాత. గేలీన్‌ది. కిందటి ఏడాది శీతాకాలంలో ఊళ్ళోకొచ్చి క్లబ్బులో చేరిన మనిషి. యాభై ఎనిమిదేళ్ళు. మొగుడు వదిలేసి పోయాడని తప్ప ఎవరికీ ఏమీ తెలియదు. డెస్లీ చీటీ విప్పుతూండగానే ఆమె లేచి నిలబడింది.

"డెస్లీగారూ, అదొక్కటీ వద్దండి. కిందటేడు చదువు అయిపోయాక వచ్చాను, ఇలా పైకి చదువుతారని అప్పటికి నాకు తెలీదు. తప్పిందనే పెట్టెయ్యండి, గిన్నెలు నేను తోముతాను."

"అలా ఒకళ్ళకి వదిలేస్తే అందరూ అడుగుతారమ్మా. అక్షరం పొల్లుపోకూడదు, అది నియమం" అని డెస్లీ కళ్ళజోడు సవరించుకుంది. "'బ్రూస్‌కి మళ్ళీ ఫోన్ చెయ్యను. అతను తియ్యడు.'"

ఎవరూ అరవలేదు. గేలీన్ కూచుని, చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టి, "తప్పింది" అని తనే చెప్పింది. రోండా ఆమె వీపు మీద చెయ్యి వేసింది. డెస్లీ చీటీని తెల్ల పళ్ళెంలో పడేసింది. కొంచెం ఇబ్బందిగానే అనిపించింది గానీ, నియమం నియమమే కదా అనుకుంది.

గది బిగుసుకుపోయింది. దాన్ని వదులు చెయ్యడమెలాగో ఆమెకు తెలుసు. డబ్బా అడుగున ఒకే ఒక్క చీటీ మిగిలింది. అంకెల వరసలున్న సముద్రపు ఆటుపోట్ల పట్టికలోంచి చింపిన కాగితం, నాలుగు మడతలుగా ఉంది. అలాంటి కాగితం మీద రాసేది ఊరంతటికీ ఒక్కడే. ఏటా ఆమె దీన్ని ఆఖరికి దాచి, విప్పకుండానే పైకెత్తి చూపిస్తుంది, అందరూ "పడవ!" అని అరుస్తారు. అది ఆ రోజుకు పెద్ద నవ్వు.

"ఇక మన నావికుడు! ఈ ఏడాది పడవ నీళ్ళలోకి రాలేదు గాని, నీళ్ళే పడవలోకి వచ్చాయి. కప్పలు ఈత నేర్చుకుంటున్నాయి!" అంటూ కాగితం పైకెత్తింది.

"పడవ! తప్పింది!" అని గదంతా ఘొల్లుమంది. నెవిల్ బల్ల చరిచాడు. వెనక వరసలో కెల్విన్ కూడా నవ్వినట్టు మొహం పెట్టి, వంటగదికి పోవడానికి అప్పుడే కుర్చీ వెనక్కి జరిపాడు.

"దాన్ని విప్పలేదు మీరు" అంది గేలీన్.

నవ్వులు తగ్గాయి. "విప్పేదేముందమ్మా? పదకొండేళ్ళుగా అదే" అంది డెస్లీ.

"నాదీ విప్పొద్దనే అడిగాను. అక్షరం పొల్లుపోకూడదన్నారు కదా."

"విప్పవే, తల్లీ. నియమం అందరికీ ఒకటే" అంది రోండా, ఏమీ ఎరగనట్టు.

"పోనీలే డెస్, ఎప్పుడూ ఉండేదే" అన్నాడు కెల్విన్ కంగారుగా. డెస్లీకి ఒళ్ళు మండింది. తనను నియమం తప్పిన మనిషనడమా! కాగితం నాలుగు మడతలూ విప్పి, వెలుగుకు పట్టి, ఎప్పటి గొంతుతోనే మొదలుపెట్టింది.

"'పదిమందిలో నా పడవ మీద హాస్యాలాడొద్దని...'"

అక్కడ ఆగింది. చూపు కింది ముక్క మీదికి పోయింది. మిగతాది తాను చదవక తప్పదని ఆ గదిలో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

"'...డెస్‌తో చెప్పాలి.'"

నెవిల్ చేతిలోని రొయ్యను చప్పుడు కాకుండా పళ్ళెంలో పెట్టాడు.

"ఎన్నాళ్ళ నుంచి రాస్తున్నావు ఇది?" అంది డెస్లీ.

"ఇది ఆరో ఏడు" అన్నాడు కెల్విన్. "మొదట్లో పడవ సంగతే రాసేవాణ్ణి. అడుగు చెక్క పుచ్చిపోయింది డెస్, అది ఇక తేలదు. ఆ తర్వాత ఇదే."

"ఆరేళ్ళా! నోరులేదా నీకు? చెప్పొచ్చు కదా!"

"చెబుతూనే ఉన్నా కదా" అన్నాడతను. కోపం లేదు, దారి చెబుతున్నట్టు అన్నాడు. "ఏటా రాసి నీ చేతికే ఇస్తున్నా."

డెస్లీ నిలబడే ఉంది. ఇంకొకరి ఉత్తరం ఎన్నడూ విప్పలేదని ఊరంతా చాటుకున్న మనిషి, తనకు రాసిన ఉత్తరాలు అయిదింటిని విప్పకుండా జనానికి చూపించి నవ్వించింది. నవ్వు నాలుగు విధాల చేటంటారు. ఆ నాలుగూ ఆమెకు ఒక్కసారే అందాయి. పొద్దున ఎముక దగ్గర చేతికి తగిలిన జిగురు ఇప్పుడు నాలిక మీద ఉన్నట్టనిపించింది.

"చెప్పండి" అంది జనంతో. "నిలిచిందా, తప్పిందా?"

గేలీనే మెల్లిగా, "నిలిచింది. ఇప్పుడు తెలిసింది కదా" అంది.

డెస్లీ ఆటుపోట్ల కాగితాన్ని నీలం పళ్ళెంలో పెట్టింది. అదే పళ్ళెంలో అడుగున ఉన్న తన చీటీని వెతికి పట్టుకుని, అందరికీ కనబడేట్టు పైకి తీసి, తెల్ల పళ్ళెంలోకి మార్చింది. మారుస్తూ ఒక్క క్షణం ఆగింది. "అయ్యో, అదేమిటి డెస్లీ, అంతమాటెందుకు" అని ఒక్కళ్ళయినా అంటారేమోనని చూసింది. పాతిక మందిలో ఒక్కళ్ళూ అనలేదు.

వంటగదిలోకి వెళ్ళి ఏప్రన్ కట్టుకుంది. తొట్టి నిండా పళ్ళేలు, వాటి మీద తెల్లగా గడ్డకట్టిన పంది కొవ్వు, మీసాలతో సహా రొయ్య తలలు, ఈగలు. ఇందులో సగం మాంసం తను తెచ్చిందే. వేడినీళ్ళలో చేతులు ముంచగానే జిడ్డు మోచేతుల దాకా ఎక్కింది. బయట గంట కొట్టారు. "హ్యాపీ న్యూ ఇయర్!" అన్న అరుపులు, కుర్చీల చప్పుడు, ముద్దుల చప్పుడు. వడ్డన కిటికీలోంచి రోండా ఒక కాగితం ముక్క, పెన్సిలూ లోపలికి జరిపి, "ఈ ఏటి చీటీ, డెస్లీ" అని ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది.

అలవాటు కొద్దీ కెల్విన్ వచ్చాడు. తువ్వాలు తీసుకుని పక్కన నిలబడి, ఆమె కడిగిచ్చిన పళ్ళెం తుడవడం మొదలుపెట్టాడు. అది ఇందాక రొయ్యల బల్ల తుడిచిన తువ్వాలు. మాట వెంటనే నోటిదాకా వచ్చేసింది. ఒక్క మాట కాదు, వెనకాల ఇంకోటి కూడా తయారై వచ్చింది, వడ్డన కిటికీ దగ్గరున్న నలుగురూ పడి పడి నవ్వే మాట. డెస్లీ నోరు తెరిచింది. మూసుకుంది.

"ఏంటి?" అన్నాడు కెల్విన్.

"ఏం లేదు."

"ఏదో అనబోయావు."

"అనబోయాను" అంది.

అతను మళ్ళీ అదే తువ్వాలుతో అదే పళ్ళెం తుడిచి, దాని మీద రొయ్యల నీచు పట్టించి, జాగ్రత్తగా దొంతిలో పెట్టాడు. డెస్లీ గోడ గడియారం వంక చూసింది. పన్నెండు దాటి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలకే దవడలు నొప్పి పుట్టాయి. నోరు మూసుకోవడం ఇంత కష్టమా అని కాదు, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మూసుకుని చూడలేదా అని తన మీద తనకే రోత పుట్టింది. ఇంకో పళ్ళెం నీళ్ళలో ముంచింది.