పేర్లు లేని బొమ్మ

సోమనర్సయ్యకు అనుమానం పుట్టుకతో రాలేదు, ఒకరు తెచ్చి అంటించి పోయారు. అంతకుముందు ఆయన తండ్రితో కలిసి బచ్చన్నపేట చుట్టుపక్కల ఊళ్లలో పటం కథలు చెప్పేవాడు. పొడవాటి గుడ్డ మీద వరసగా గీసిన బొమ్మలను కొంచెం కొంచెంగా విప్పుతూ, కట్టెతో చూపిస్తూ, రాగం తీసి చెప్పడం ఆ ఇంటి పని. వాళ్లింట్లో ఒక కట్టడి ఉంది. పటం విప్పే ముందు బొమ్మ గీసినవాడి పేరు, గీయించినవాడి పేరు, చివర్న కథ చెప్పేవాడి పేరు గట్టిగా పలకాలి. పేర్లు పలకని పటం దొంగసొత్తు కింద లెక్క.

ఫోటోలు తీసి తెచ్చిస్తానని ఒకాయన ఆ పటం పట్టుకుపోయాడు. మళ్లీ అది కనపడింది పట్నంలో ఒక ప్రదర్శనలో, అద్దం వెనక. కింద చీటీ మీద 'చిత్రకారుడు తెలియదు' అని ఉంది. పేర్లన్నీ నోటికొచ్చిన తండ్రిని అడిగిన పాపాన పోలేదు ఎవరూ. ఆ దిగులుతోనే ఆయన పోయాడు. అప్పటినుంచి సోమనర్సయ్య పాలు పోయించుకున్నా గిన్నె వెలుగుకు పట్టి చూస్తాడు. ఇంకో పటం లేదు, పిలిచేవాళ్లూ లేరు. పత్తి చేన్లలో కూలికి పోతున్నాడు.

అలాంటి మనిషి దగ్గరికి బడి పంతులమ్మ విజయ ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. అందులో నలుపు తెలుపు హాస్య సినిమా, మాటలు లేని కాలంలో ఏ దేశంలోనో తీసింది. లావాటి మనిషొకడు నిచ్చెన భుజాన వేసుకుని అంగట్లో నడుస్తుంటాడు. ఎవరు పిలిచినా గిర్రున తిరుగుతాడు. నిచ్చెన కొస తగిలి ఒకరి టోపీ, ఒకామె గుడ్ల బుట్ట, చివరికి పోలీసాయన నేల మీద పడతారు. నవ్వు కనపడకుండా సోమనర్సయ్య కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“మా పిల్లలకు దీని కథ మీరు చెప్పాలె బాపూ. బొమ్మ నేను ఆడిస్త, మాట మీది.”

కథ చెప్పమన్న పిలుపు ఆయన విని ఎన్నేళ్లయిందో! అయినా నోరు దాని పని అది చేసింది.

“చేసినోళ్లెవలు?”

“మొదటి ముక్క పోయింది. పేర్లు అండ్లనే ఉండె.”

“పోయిందా, కోసిండ్రా?”

విజయ బిక్కమొహం వేసింది. ఆమె వెళ్లాక భార్య భూలక్ష్మి కోప్పడింది.

“నమ్మి చెడ్డోళ్లు లేరు, నమ్మక చెడ్డోళ్లున్నరు.”

“ఎందుకు లేరు? మా నాయిన లేడా?”

వారం తిరక్కుండా విజయ పేర్లు తెచ్చింది. తీసినాయన వాల్టర్, నిచ్చెన మోసినాయన బెన్, కెమెరా తిప్పినాయన ఆర్థర్. సోమనర్సయ్య పత్తి ఏరుతూ వాటికి రాగం కట్టాడు. కట్టాడే గానీ మనసు నిలవలేదు. ఆట ముందురోజు బడికి పోయాడు.

“లోకంల దొంగపేర్లు పెట్టేటోళ్లు గూడ ఉంటరట టీచరమ్మా.”

“నేనెందుకు పెడత బాపూ!” అంది విజయ. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది.

“కెమెరా తిప్పినాయన పేరేంది? జర మర్చిన.”

“హెన్రీ.”

“మొన్న ఆర్థర్ అంటివి గద.”

విజయ తలవంచుకుంది. “ఎంత ఎతికినా దొరకలే. మీరు చెప్పనంటరేమోనని నేనే కల్పించిన. పిల్లలు ఆశ పెట్టుకున్నరు బాపూ.”

తన అనుమానమే గెలిచింది. గెలిచినందుకు ఆయనకు ఏడుపొచ్చింది. ఇక చెప్పననాలి, కట్టడి అదే. చెప్పననడానికి నోరు రాలేదు. రేపొస్తానని కూడా అనకుండా ఇంటికొచ్చేశాడు.

మర్నాడు బడి గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టారు. సోమనర్సయ్య కట్టె పట్టుకుని వచ్చి తెర పక్కన నిలబడ్డాడు. పిల్లలు చప్పుడు ఆపారు.

“బొమ్మ చేసిన అయ్యలారా, మీ పేర్లు తెల్వయి. దొంగపేర్లతోటి మిమ్ముల పిలువ. మీ పేర్లు పలకలేని తావుల నా పేరు గూడ పలుక. ఇయ్యాల అందరం పేరు లేనోళ్లమే.”

ఆయన పేరు తను చెబుదామని విజయ లేచింది. సోమనర్సయ్య కట్టెతోనే కూర్చోమని చూపించి, రాగం అందుకున్నాడు.