నర్సిగాడి వంతు

పులిసిన కల్లు వాసన ఈ వయసులో కూడా నన్ను ఆత్మకూరు అంగడి బాటలోకి లాక్కుపోతుంది. ఆ బాటలో తాతతో ఇరవై మైళ్ళు నడిచేవాణ్ణని మనవలకు చెబుతుంటాను. నిజానికి మూడు మైళ్ళు. అందులో ఒకటి తాత భుజాల మీదే.

మగ్గం మీంచి దింపిన చీరలు మూటగట్టి తాత అంగడికి బయలుదేరితే అవ్వ నన్ను కాపలాగా పంపేది.

"చర్చి మెట్ల మీద ఎంతసేపన్న కూసోండ్రి. కల్లు దుకాణం కాడ ఆగితే మాత్రం నాకు చెప్పాలె బిడ్డా."

ఆ పాత రాతి చర్చి దాటగానే ఈతవనం, అందులో కల్లు దుకాణం. ఓసారి తాత ఆగనే ఆగాడు. నా చేతిలో ఉడికించిన శనగ గుడాల పొట్లం పెట్టి "అవ్వకు చెప్పకురా" అన్నాడు. ముంత ఎత్తి, తాగేముందు కొంచెం నేల మీదికి వంచాడు.

"తాగు బిడ్డా నర్సిగా."

వంగి చూశాను. అక్కడ ఒక గండుచీమ తప్ప ఎవరూ లేరు.

ఎంత గద్దించినా నోరు విప్పలేదని చెప్పుకుంటాను గాని, అవ్వ ఒక్కసారి కళ్ళెర్రజేయగానే అంతా కక్కేశాను. తాతను కాపాడాలని ఒక మాట కలిపాను. "శానా తాగలే అవ్వా. సగం చీమకే పోసిండు. దాని పేరు నర్సిగడంట."

తిట్ల కోసం తల వంచుకున్న తాత ముందు అవ్వ అన్నం పళ్ళెం తెచ్చి పెట్టింది.

పోయినవాళ్ళ పేర మొదటి చుక్క నేలకు వదులుతారని, నర్సిగాడు తాతా అవ్వల పెద్దకొడుకని, నేను పుట్టకముందే పోయాడని నాకు మీసాలొచ్చాక తెలిసింది.

నేను అంతా కక్కేసిన మరుసటి అంగడినాడు అవ్వే మూటను తాత నెత్తికెత్తింది.

"నా తరఫున గూడ ఓ చుక్క పొయ్యి" అంది మెల్లగా.